పాత మోటారు సైకిలుకు మంచి రంగ్‌సాజ్ ఎక్కడ?
(మన రంగు పనివాళ్ళ చరిత్రలో కొన్ని పుటలు)

ప్రతి సంచికలోనూ మన పెద్దల గొప్పతనం గురించి, చదువు గురించి, సంస్కారం గురించి వ్యాసాలు వస్తూనే ఉంటాయి. ఈసారి చేతి పని గురించి నాలుగు మాటలు రాయాలని సంకల్పం. విషయం చిన్నదిగానే కనిపిస్తుంది. పాత మోటారు సైకిలును మళ్ళీ కొత్తదానిలా నిలబెట్టాలంటే దానికి రంగు వేసే మంచి కారీగర్ ఎక్కడ దొరుకుతాడు? అడిగి చూస్తే తెలుస్తుంది, ఈ ప్రశ్న వెనక నూరేళ్ళ చరిత్ర ఉంది, మన ఇళ్ళలోని ఎందరో మనుషుల కష్టం ఉంది.

మన చిరాగ్‌పల్లి రాదారి మీది ఊరు. చిరాగ్ అంటే దీపం. జహీరాబాదు దాటి కర్ణాటక సరిహద్దుకు పోయే దారిలో, హైదరాబాదు నుంచి షోలాపూరు మీదుగా పడమటి దేశానికి పోయే లారీలన్నీ ఈ దీపం ముందు నుంచే సాగిపోవాలి. ఒకప్పుడు 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65వ నంబరు. ఇటువంటి దారి పక్క ఊళ్ళలో బండ్ల పని తెలిసిన చేతులు ఎప్పుడూ ఉంటాయి. పంక్చరు వేసేవాడు, వెల్డింగు చేసేవాడు, డెంటింగు కొట్టేవాడు, రంగు వేసేవాడు. ఈ నలుగురిలో చివరివాణ్ణి అందరూ చివరనే తలుచుకుంటారు. ఇంజను బాగు చేసిన మిస్త్రీ పేరు గుర్తుంటుంది, రంగు వేసిన మనిషి పేరు ఎవరికీ గుర్తుండదు. కానీ బండిని చూసినవాడి కన్ను ముందుగా పడేది అతని పని మీదనే.

ఇప్పుడు చాలా ఇళ్ళలో దాదా కాలం నాటి బుల్లెట్టో, అబ్బా నడిపిన జావానో, రాజ్‌దూతో పెరట్లో గోనెపట్టా కింద జంగు పట్టి ఉంటుంది. పిల్లలు ఉద్యోగాలలో కుదురుకున్న తరువాత దానిని మళ్ళీ నడిపించాలని ముచ్చట పడుతున్నారు. ఇంజను సామాన్లు హైదరాబాదు రాణిగంజ్‌లో, పుత్లీబౌలిలో వెతికితే ఎట్లాగో దొరుకుతున్నాయి. మెకానిక్కూ దొరుకుతాడు. పని ఆగిపోయేది రంగు దగ్గర. రంగు వేసే దుకాణాలకు కొదవ లేదు. పాత బండికి పాత పద్ధతిలో వేసే చెయ్యి మాత్రం అరుదైపోయింది. ఎందుకు అరుదైందో తెలియాలంటే ఆ చెయ్యి ఎక్కడ తయారైందో ముందు చూడాలి.

1956 నవంబరు 1వ తేదీకి ముందు మన జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలో భాగం. రాష్ట్రాల పునర్విభజనలో నీర్ణా సర్కిలు తప్ప మిగిలిన తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్ జిల్లాలో కలిసింది. 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. కాగితాల మీద జిల్లాలు మారినా బీదరు మనకు పొరుగే. ఆ బీదరు పేరు దేశదేశాలకు చేర్చింది బిద్రీ పని. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోత పోసి, ఉలితో చెక్కి, ఆ గాడిలో వెండి తీగ కొట్టి, చివరకు బీదరు కోట మట్టిని నవాసారంతో కలిపి మరిగించి అందులో ముంచుతారు. లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే నిలిచిపోతుంది. ఈ పనిలో ముస్లిం కారీగర్లూ ఉన్నారు, లింగాయతు కారీగర్లూ ఉన్నారు. 2006లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

బిద్రీకీ మోటారు సైకిలుకూ ఏమి సంబంధం అని అడగవచ్చు. సంబంధం ఇదే. బిద్రీ నలుపు పైన పూసింది కాదు. అంతకు ముందు జరిగిన నునుపు పని ఎంత శుభ్రమైతే నలుపు అంత నిండుగా దిగుతుంది. చివరి మెరుపు మొదటి రోజు పని మీద ఆధారపడుతుందన్న ఈ సూత్రం మన ప్రాంతపు చేతి పనులన్నిటిలోనూ కనిపిస్తుంది. నిర్మల్ నకాషీలు మొదట ఆకుల రసాలు, రాళ్ళ పొడులు వాడి కొయ్య బొమ్మలకు రంగులద్దారు. తరువాతి కాలంలో వాళ్ళే మోటారు బండ్లకు వాడే డ్యూకో రంగును బొమ్మలకూ వాడుకున్నారు. అంటే బొమ్మ రంగూ బండి రంగూ ఒకే డబ్బాలోంచి వచ్చిన కాలం ఒకటి ఉంది.

ఇక మోటారు బండ్ల సంగతి. 1932లో నిజాం రాజ్య రైల్వే వారు రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించారు. బస్సు అన్న తరువాత దాని బాడీ కట్టాలి, రేకు కొట్టాలి, ఎండకు వానకు నిలిచేట్టు రంగు వెయ్యాలి. 1942లో హైదరాబాదులో ఆల్విన్ మెటల్ వర్క్స్ వెలిసింది. బస్సు బాడీలు, ఆ తరువాత రిఫ్రిజిరేటర్లు, గడియారాలు అక్కడ తయారయ్యాయి. ఆ ఆల్విన్ సంస్థే 1980లలో జపాను నిస్సాన్ కంపెనీతో కలిసి మన జహీరాబాదులో చిన్న లారీల కార్ఖానా పెట్టింది. తరువాత అది మహీంద్రా వారి చేతికి వెళ్ళింది. 2013లో మహీంద్రా ట్రాక్టర్ల కార్ఖానా కూడా జహీరాబాదుకు వచ్చింది. ఇనుము మీద రంగు ఎట్లా నిలుస్తుందన్నది మన ప్రాంతానికి పుస్తకం చదివి నేర్చుకున్న విద్య కాదు. ఉస్తాద్ పక్కన నిలబడి షాగిర్దు నేర్చుకున్న విద్య.

అయితే ఆ రోజుల్లో రంగు అంటే ఇప్పటి రంగు కాదు. మోటారు బండ్లు పుట్టిన కొత్తలో గుర్రపు బగ్గీలకు వేసినట్టే వార్నీషు రంగులు కుంచెతో వేసేవారు. ఒక్కొక్క పూత ఆరడానికి రోజులు, మొత్తం పని పూర్తి కావడానికి వారాలు పట్టేది. దానికి విరుగుడుగా కొలిమిలో కాల్చి ఆరబెట్టే నల్ల ఎనామెలు వచ్చింది. ఫోర్డు కంపెనీ 1914 నుంచి 1925 దాకా తన ప్రసిద్ధమైన మోడల్-టీ కారును నలుపు రంగులోనే అమ్మింది. మోటారు సైకిళ్ళ ఫ్రేములు, మడ్‌గార్డులు ఎక్కువగా నల్లగా ఉండడం వెనకా ఈ కొలిమి నలుపే ఉంది. 1923-24 ప్రాంతంలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ వారు నైట్రోసెల్యులోజ్ లాకరును డ్యూకో అనే పేరుతో తెచ్చారు. వారాల పని గంటలకు దిగింది. రంగురంగుల బండ్లు వీధిలోకి వచ్చాయి. ఆ పేరు మన దేశంలో ఎంతగా నాటుకుందంటే ఇప్పటికీ ఏ కంపెనీ రంగు వేసినా పెద్దవాళ్ళు 'డ్యూకో కొట్టించాం' అనే అంటారు.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న బి.ఎస్.ఎ. ఎం-20, నార్టన్ 16-హెచ్ వంటి బండ్లు సామాన్యుల చేతికి వచ్చాయి. అవి సైన్యపు మట్టి రంగులో ఉండేవి. కొన్నవాళ్ళు ఆ రంగు తీయించి నలుపో మెరూనో వేయించుకున్నారు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు తయారీకి కంపెనీ ఏర్పడింది. మైసూరులో 1960లో ఐడియల్ జావా స్థాపించారు. 1973 నుంచి ఆ బండ్లు యెజ్డీ పేరుతో వచ్చాయి. 1996లో ఆ కార్ఖానా మూతపడింది. ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూతు 1960ల నుంచి పల్లె పల్లెకూ పాలవాళ్ళ బండిగా వెళ్ళింది. ఒక్కొక్క బండికి ఒక్కొక్క రంగు సంప్రదాయం. జావా అనగానే మెరూను రంగు, క్రోము ట్యాంకు గుర్తుకు వస్తాయి. బుల్లెట్టు అనగానే నల్ల ట్యాంకు మీద బంగారు గీతలు గుర్తుకు వస్తాయి.

ఆ బంగారు గీతలే అసలు పరీక్ష. వాటిని స్టిక్కరు అనుకునేవాళ్ళు చాలామంది. అవి చేతితో గీసినవి. పొడుగాటి ఉడుత వెంట్రుకల కుంచెను రంగులో ముంచి, చిటికెన వేలు ట్యాంకు అంచుకు ఆనించి, ఊపిరి బిగబట్టి ఒకే లాగుడులో గీత పూర్తి చెయ్యాలి. మధ్యలో ఆగితే అతుకు కనిపిస్తుంది. మద్రాసు కార్ఖానాలో ఒకే కుటుంబానికి చెందిన అన్నదమ్ములు ఈ పనిని మర యుగంలో కూడా చేతితోనే కొనసాగించి పేరు తెచ్చుకున్నారు. మన వైపున బోర్డులు రాసేవాళ్ళలో, లారీల మీద పూలు, చిలకలు, పేర్లు వేసేవాళ్ళలో ఇటువంటి స్థిరమైన చెయ్యి ఉండేది. ఫ్లెక్సీ బోర్డులు వచ్చి వాళ్ళ అన్నం గిన్నెను తలకిందులు చేశాయి. కుంచె పట్టినవాడు ఆటో పట్టాడు, లేదా గల్ఫు విమానం ఎక్కాడు. అతని కొడుక్కి ఆ పని నేర్పలేదు. చెయ్యి అరుదు కావడానికి మొదటి కారణం ఇది.

రెండవ కారణం తొందర. ఇప్పటి డెంటింగు దుకాణానికి కొత్త కారు గీతలు మాపడమే జీవనాధారం. ఉదయం ఇచ్చిన బండి సాయంత్రం వెళ్ళిపోవాలి. పాత మోటారు సైకిలు అట్లా వెళ్ళదు. జంగు తీయడానికి, పాత పొరలు దించడానికి, ఒక్కో పూత ఆరడానికి వారాలు పడుతుంది. ఆ వారాలకు తగిన మజూరీ ఇచ్చేవారు లేకపోతే కారీగర్ అడ్డదారి పడతాడు. జంగు మీదనే లప్పం పూసి, పైన మెరుపు కొడతాడు. ఆరు నెలలు ముద్దుగా ఉంటుంది. రెండో వానాకాలానికి పొంగులు లేస్తాయి. 'పైన పటారం లోన లొటారం' అని మన తెలుగు పెద్దలు ఊరికే అనలేదు. ఇందులో తప్పు కారీగర్‌ది ఒక్కడిదే కాదు, తొందర పెట్టి బేరం ఆడిన మనదీ ఉంది.

అయితే మంచి రంగ్‌సాజ్‌ను గుర్తించడం ఎట్లా? మెరిసే బండిని చూసి నిర్ణయించవద్దు. సగంలో ఉన్న పనిని చూపించమని అడగాలి. రేకు కనిపించే దశలో బండిని చూపించడానికి వెనుకాడనివాడు సగం నమ్మదగినవాడు. అతని దుకాణంలో పూర్తయిన ట్యాంకు మీద చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి ఆనించి చూడాలి. కొన్ని చోట్ల పట్టుకొని, కొన్ని చోట్ల జారిపోతే ఆ కింద రేకు కాదు, లప్పం దిబ్బ ఉందన్న మాట. సొట్టను సుత్తితో, చెక్కతో లోపలి నుంచి తీసేవాడు వేరు, లప్పంతో నింపేవాడు వేరు.

తరువాత మాటల్లో పరీక్షించాలి. 'ట్యాంకుకు ముందు ఏం చేస్తావు భాయ్?' అని అడిగితే, ముందు పెట్రోలు పూర్తిగా తీసి, లోపలి ఆవిరి పోయేట్టు కడిగి, నీళ్ళు పోసి కారుతుందేమో చూస్తానని చెప్పాలి. ఆవిరి ఉన్న ట్యాంకుకు సోల్డరు పెడితే అది బాంబుతో సమానం. కారుతున్న ట్యాంకుకు రంగు వేస్తే ఆ రంగు పెట్రోలు పాలు. పలుచని మడ్‌గార్డుకు ఇసుక కొట్టిస్తానంటే జాగ్రత్త పడాలి. జోరుగా కొట్టిన ఇసుకకు రేకు వంకరపోతుంది. ప్రైమరు ఏమిటి, ఎన్ని రకాల వాటర్ పేపరు వాడతావని అడగాలి. ముతక నుంచి సన్నానికి మెట్టు మెట్టుగా పోయేవాడే పనివాడు. వానాకాలంలో లాకరు వెయ్యనని, వేస్తే తేమకు తెల్లగా మసకబారుతుందని, ఎండ వచ్చేదాకా ఆగమని అతను తనంతట తాను చెబితే ఇక సందేహించనక్కరలేదు. పని పోతుందన్న భయం కంటే పని చెడుతుందన్న భయం ఎక్కువ ఉన్నవాడు ఉస్తాద్.

అసలు రంగు ఏదో కనిపెట్టడం కూడా అతని విద్యే. ఎండకు మాసిన ట్యాంకు పైభాగం చూసి రంగు కలిపితే తప్పుతుంది. ట్యాంకు మీది బిళ్ళ కింద, మోకాలి రబ్బర్ల వెనక, సామాన్ల డబ్బా మూత లోపల కంపెనీ నాడు వేసిన రంగు దాగి ఉంటుంది. పాత పొరను చిన్న చోట మెల్లగా అరగదీస్తే చెట్టు వలయాల లాగా ఒక్కొక్క యజమాని కాలం బయటపడుతుంది. గీతలు మిగిలి ఉంటే రంగు దించక ముందే పలుచని కాగితం పెట్టి వాటి కొలత అచ్చు తీసుకోవాలి, ఫోటోలు తీసి పెట్టుకోవాలి. ఒకసారి దించిన తరువాత ఆ సాక్ష్యం తిరిగి రాదు.

ఫ్రేము మీద, ఇంజను మీద ఉన్న నంబర్లను ఎట్టి పరిస్థితిలోనూ రాయకూడదు, లప్పంతో పూడ్చకూడదు. అవి బండికి జన్మపత్రిక. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ యాభై ఏళ్ళు దాటిన బండ్లను వింటేజి వాహనాలుగా నమోదు చేసుకునే నియమాలు తెచ్చింది. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000 రూపాయలు రుసుము పెట్టారు. ఛాసిస్సు, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండరాదన్నది షరతు. ఆ నమోదుతో బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మత్తుకు తీసుకుపోవచ్చు గాని రోజూ తిరగడానికి వీలు లేదు. అందుకని ఏ నమోదు కావాలో ఆలోచించుకొని దిగాలి. ఆర్.సి.లో బండి రంగు కూడా రాసి ఉంటుంది. వేరే రంగు వేయించదలిస్తే రవాణా కార్యాలయంలో ముందే అడిగి రాయించుకోవడం మేలు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. బండి సంగతి ఎట్లా ఉన్నా, రంగు వేసే మనిషి ఊపిరి సంగతి ఏమిటి? పాత డ్యూకో థిన్నరు వాసనే తల తిప్పేది. ఇప్పటి రెండు డబ్బాల పాలీయురేథేన్ రంగులలో హార్డనరుగా వాడేది ఐసోసైనేట్ జాతి రసాయనం. 1984లో భోపాల్‌లో ప్రాణాలు తీసిన మిథైల్ ఐసోసైనేట్ వేరు, ఇది వేరు, కానీ రెండూ ఒకే కుటుంబానివి. స్ప్రే గన్ నుంచి లేచే ఈ సన్నటి తుంపర పీల్చితే ఆస్తమా వస్తుంది. ఒకసారి శరీరానికి పడకుండా పోయిందంటే తరువాత కొంచెం తగిలినా ఉబ్బసం తిరగబెడుతుంది. ముక్కుకు కట్టిన చేతిరుమాలు దీనిని ఆపదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే ముసుగు కావాలి, గాలి బయటకు పోయే గది కావాలి. పాత రంగులలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు వన్నెలలో, సింధూరపు ప్రైమరులో సీసం ఉంటుంది. దానిని పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఉస్తాద్ బట్టల మీద ఇంటికి వెళ్ళి పిల్లల నోటికి చేరుతుంది. తడిపి రుద్దడం, పని బట్టలు దుకాణంలోనే విడవడం ఖర్చు లేని రక్షణ. ఇంటి రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని 2016 నాటి నియమాలు 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. అవి ఇంటికి, అలంకరణకు వాడే రంగులకు చేసిన నియమాలు. బండి రంగు కొనేటప్పుడు డబ్బా మీద రాసింది చదివే తీరాలి.

కనుక మంచి రంగ్‌సాజ్‌ను వెతికేవాడు అతని దుకాణంలో ముసుగు ఉందా అని కూడా చూడాలి. లేకపోతే మజూరీలో దాని ధర కూడా కలిపి ఇవ్వాలి. తన ఊపిరిని కాపాడుకోలేని మనిషి పదేళ్ళ తరువాత మన బండికి గీత గియ్యలేడు. అతనితో పాటు ఆ విద్యా పోతుంది.

ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న విశ్వకర్మ పథకం ప్రారంభించి 18 చేతి వృత్తులకు శిక్షణ, పనిముట్లు, రుణం ఇస్తామన్నది. వడ్రంగి, కమ్మరి, కంసాలి, కుమ్మరి, దర్జీ, బొమ్మలు చేసేవాళ్ళు అందులో ఉన్నారు. బండ్ల రంగు పనివాడు ఆ 18లో లేడు. అతని పేరు ఏ జాబితాలోనూ లేకపోతే అతన్ని గుర్తించవలసింది అతని పనితో బతికిన ఊరే.

ఇందుకు సంఘం చెయ్యగలిగిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మన మహల్లాలలో, పక్క ఊళ్ళలో కుంచె, స్ప్రే గన్ పట్టిన పెద్దవాళ్ళు ఎవరెవరు ఉన్నారో, ఏ మతం వాళ్ళయినా సరే, ఒక పుస్తకంలో రాసుకోవచ్చు. చదువు ఆగిపోయిన యువకులను, పద్దెనిమిది నిండినవాళ్ళను, ఇద్దరు ముగ్గురిని అటువంటి ఉస్తాద్ దగ్గర ఏడాది పాటు కూర్చోబెట్టి, ఆ ఏడాది వాళ్ళ ఇంటి ఖర్చుకు కొంత, ఉస్తాద్‌కు కొంత ఇవ్వవచ్చు. అందరూ వంతుల వారీగా వాడుకునేట్టు ఒక మంచి గాలి ముసుగు, కంప్రెసరు కొని ఉంచవచ్చు. గురువు లేని విద్య గుడ్డి విద్య అన్నారు. శిష్యుడు లేని గురువు విద్య గురువుతోనే మట్టిలో కలుస్తుంది.

పాత బండిని నిలబెట్టుకోవాలన్న ముచ్చట మంచిదే. ఆ ముచ్చటకు ఖర్చు పెట్టే వేల రూపాయలలో కొన్ని వందలు ఆ చేతిని నిలబెట్టడానికి కూడా వెళ్ళాలి. సభ్యులు ఈసారి బండికి రంగు వేయించినప్పుడు దుకాణం పేరుతో ఆగక, కారీగర్ పేరు అడిగి తెలుసుకోవాలి. రశీదు వెనక ఆ పేరు, ఏ రంగు, ఎన్ని పూతలు, ఏ నెలలో వేసినది రాసి, బండి కాగితాలతో పాటు దాచిపెట్టాలి. మనవడు ఆ బండిని మళ్ళీ విప్పిన రోజున ఆ కాగితం అతనికి దారి చూపుతుంది.